అట్టముక్కల పేట

మా గెడ్డపేట సినిమాకి పనికిరాదన్నారు.
డాబాలున్నాయట, డిష్షులున్నాయట,
గుంటలు జీన్సు ఏసుకుని వల అల్లుతున్నారట.
"జాలరోళ్ల ఊరంటే ఇలాగుండదు" అన్నాడు టోపీ ఆయన
మా ఊళ్లో నిలబడి, మాతోటే.

సరుగుడు తోటకి ఇవతల, రోడ్డు మొగాన
పద్దెనిమిది దినాల్లో ఇంకో పేట లేపినారు.
తాటాకు అసలుదే, గోడలు మటుకు అట్ట.
మట్టిరంగు డబ్బాల్లో దిగింది పట్నం నుంచి.
మట్టి మీద నిలబడే పూసినారు దాన్ని.
గంగమ్మ గుడి కట్టినారు, లోపల గంగమ్మ నేదు,
ఎనక్కెళ్లి సూత్తే కర్రలు, మేకులు,
ఎవరో తాగి పడీసిన నీళ్లసీసా.

మా దానయ్య బావ ఏషానికని పోనాడు.
నలభయ్యేళ్లు సంద్రం మీద ఎండినోడు.
నడిపించి సూసినారు, ఇటోసారి, అటోసారి.
"జాలరోడి నడక రాలేదు" అన్నారు.
ఇజీనారం నుంచొచ్చిన తెల్లటి గుంటడికి
ఒంటికి నలుపు పులిమి, తలకి గుడ్డ సుట్టి
తెడ్డు సేతికిచ్చినారు.
తిరగేసి పట్టుకున్నాడు. సరిపోయిందన్నారు.
నా గంప అద్దెకి తీసుకున్నారు, రోజుకి రెండొందలు.
సేపలొద్దన్నారు, కంపట.
రబ్బరువి తెచ్చుకున్నారు.

సినిమా ఆడింది. ఇక కార్లే కార్లు.
"హీరోయిను ఏడిసిన పడవ ఏదమ్మా?"
మా కోడలు నూకాలు అట్టగుడిసె ముందర టీకొట్టు ఎట్టింది.
ఎవులో రోడ్డుమీద పలక పాతినారు
"అసలు సిసలు జాలరి పల్లె" అని.
బాణం అట్టల ఏపుకి.
మా పేటకి దారడిగినోళ్లకి ఆ బాణమే సూపిత్తన్నారు.
కొత్త పోస్టుమేను మా ఉత్తరాలన్నీ
నేని గంగమ్మ అరుగు మీద ఎట్టీసి పోనాడోనాడు.

అబద్దమెందుకు, నానూ పోయీదాన్ని సాయంత్రాలు.
ఆ గుడిసె ముందర కూకుని వల బాగుసేత్తున్నట్టుంటే
ఫొటోకి యాభై.
సిరగని వలని బాగుసెయ్యడం ఎంత కట్టమో
మీకు తెల్దు.
సెయ్యి ఎక్కడ ఆపాలో తెల్దు.

కార్తీకం ముందర తుపాను.
అట్టపేట అందరికంటే ముందు పోనాది.
నానితే అట్ట ఏటవుతాది?
మా పేటలో మూడు పడవలు, రెండు ఇంజిన్లు,
దానయ్య బావ ఇంటి రేకులు,
ఎల్లాజీ వాళ్ల కొత్త వల, అప్పు తీరకండానే.
టీవీవోళ్లు రోడ్డు దిగలేదు.
మైకు గుంటడు మోకాటి లోతు గోతిలోకి దిగి
తడిసిన అట్టల ముందర ఊగుతా అరిసినాడు
"పల్లె మొత్తం నామరూపాల్లేకుండా పోయింది!"
అతని ఎనకాల మా నూకాలు టీ డేకిసా
గిర్రున తిరుగుతా కొట్టుకుపోతన్నాది.
ఆ బొమ్మలో అదొక్కటే నిజం.

కారుల్లో పెద్దోళ్లొచ్చినారు, అట్టల్ని పరామర్శించినారు.
హీరో గారు కన్నీళ్లెట్టుకున్నారట,
ఆ పల్లెని దత్తు తీసుకుంటారట.
గుమాస్తా రాసుకున్నాడు: గుడిసెలు ఇరవై రెండు.
మాయి రాయించుకుందామని పోతే, అరిచేడు కాదు,
నెమ్మదిగానే సెప్పినాడు పాపం:
"పోయిన ఊరు టీవీలో సూసేం గదమ్మా,
మీది కాదు."

తెల్లారి దానయ్య బావ
ఒడ్డెంట ఎల్తన్నాడు, పడవ సెక్కలు ఏరుకుంటా.
ఎనకాల నుంచి సూత్తన్నాను ఆ నడక.
ఎక్కడ తప్పో తెలీనేదు.
తడిసిన ఇసకలో అడుగులు పడతన్నాయి,
నీళ్లు నిండతన్నాయి.

కెరటం ఓ సేపని తెచ్చి పడీసింది నా కాళ్లకాడ.
రబ్బరుది.
కాకొచ్చింది, ఓసారి పొడిసింది,
నా మొకంలోకి సూసింది.
ఎగిరిపోనాది.