ఎనిమిదో గడి

కోర్టు గోడ నీడ నా బల్ల మీదికి
పదకొండింటికి వస్తుంది.
అంతకు ముందే వచ్చి ఎండలో కూచుంది
కర్రోతు ఎర్నమ్మ,
లేటు సూరప్పడి భార్య,
నేత ఖాతా, టికెట్ నంబరు పద్నాలుగు వందల ఆరు.

గోనెగుడ్డ విప్పింది.
లోపల లేబర్ కోర్టు అవార్డు,
మడతల దగ్గర వెలుతురు కనిపించేంత అరిగి.
పనిలోంచి తీసేసినందుకు, చేసిన ఏళ్లకి లెక్కకట్టి
లక్షా ముప్పై ఏడు వేల నాలుగు వందలు.
గెలిచి పన్నెండేళ్లు.
గెలిచిన రోజు మిల్లు గేటు ముందు
అప్పు చేసి మిఠాయి పంచారట.

తర్వాత కంపెనీ దివాలా తీసింది.
కలకత్తాలో ఎవరో లిక్విడేటరు
రావలసినవాళ్లు రండని
ఇంగ్లీషు పేపర్లో ఒక మూల పిలిచాడు.
ఆ పేపరు చీపురుపల్లి రోడ్డుకి
పకోడీ పొట్లంగానైనా రాలేదు.
గడువు దాటి నాలుగు నెలలు.

ఫారంలో ఎనిమిదో గడి: ఆలస్యానికి కారణం.
రెండు గీతల చోటు.
నలభై ముగ్గురికి ఒకటే కొట్టాను,
అనివార్య కారణాల వల్ల.
మొదటి గడిలో సూరప్పడి ముందు లేటు,
ఇక్కడా లేటే.
ఆ మొదటి దానికి ఎవరూ సంజాయిషీ అడగరు.

"ఏటి రాస్తన్నావు బాబూ?"
చెప్పాను.
"అలాక్కాదు. ఇలా రాయి.
మాకు గడియారం నేదు.
మిల్లు కూతే మా టైము.
మొదటి కూతకి పొయ్యి ఎలిగించీదాన్ని,
రెండో కూతకి కేరేజీ కట్టీదాన్ని,
మా గుంటడు పుట్టింది మూడో కూతప్పుడు.
ముప్పై రెండేళ్లల్లో ఒక్కపాలీ మా మావ
కూత అయినాక గేటు దాటనేదు.
మిల్లు మూసినోళ్లు కూత కూడా మూసేసినారు.
మరి యేల మించిపోనాదని మాకెలా తెలుద్ది?

ఇంకోటి కూడా రాయి.
మగ్గాల మోతకి మావకి సెవులు పోనాయి.
పెదాలు సూసి మాట పట్టీవోడు.
పేపరుకి పెదాలుంటాయేటి?"

రెండు గీతల్లో ఇది పట్టదమ్మా అన్నాను.
కూతని సైరన్ అని కొడితే
కలకత్తా ఆయన పోలీసు బండి అనుకుంటాడు.
మిషను మీద చేతులు పెట్టుకుని
కాసేపు ఊరికే కూచున్నాను.
తర్వాత కొట్టాను.
వరస చివర చిన్న గంట మోగింది.
ఆమె తల ఎత్తి చూసింది.

ఏం కొట్టానో చదివి వినిపించలేదు.
ఆమె అడగలేదు.
వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలు
ఆ గోనెగుడ్డకే తుడుచుకుంది,
మళ్లీ గబుక్కున దాన్ని దులిపింది,
అతను నేసిన గుడ్డ అట.

పోస్టాఫీసులో రిజిస్ట్రీలు
మూడింటికి ఆపేస్తారు, రెండున్నర అయింది అన్నాను.
"బేగి అంటించు బాబూ,
ఆలీసమైపోద్ది"
అంటూ లేచింది,
చెప్పులు బల్ల కిందే వదిలేసి.