గుణుపురం కోర్టులో దుబాసీ

ఆవిడ తెలుగులో చెబుతుంది.
నేను ఒడియాలోకి మారుస్తాను.
అయ్యగారు ఇంగ్లీషులో రాసుకుంటారు.
మూడు కావిళ్ళు మారేసరికి
కుండలో ఎన్ని నీళ్ళు మిగిలితే అంతే సాక్ష్యం.

పేరు బిడ్డిక సోంబారి. వంశధార అవతలి గట్టు.
ఇసుక ట్రాక్టరు తమ్ముడి మీదుగా పోవడం చూసింది.
డ్రైవరు పక్కన కూచుని
"పోనీ, పోనీ" అన్న మనిషినీ చూసింది.
ఆ మనిషి అప్పటికింకా ఎమ్మెల్యే కాదు.
ఇప్పుడు రెండోసారి.

"ఏ తారీకు?" అన్నాడు ప్లీడరు.
"కందులు కోసిన మర్నాడు బాబూ."
నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం.
ఉన్నదున్నట్టే ఒడియాలో చెప్పాను.
కాగితం మీద అది
తేదీ గుర్తులేదు అయింది.

"ఇంతకీ నీకేం కావాలి?"
"నాయం కావాల."
ఆ ఒక్క మాటా నేను మార్చక్కర్లేదు,
ఒడియాలోనూ దాదాపు అదే.
అయినా అయ్యగారు నా వైపే చూశారు,
ఏమంటోందని.

తొమ్మిదేళ్ళు. నలుగురు అయ్యగార్లు బదిలీ అయ్యారు.
వాయిదా వస్తే ఎమ్మెల్యేగారికి గుండెనొప్పి.
బరంపురం నుంచి డాక్టరు చీటీ వస్తుంది,
మర్నాడు పేపర్లో
కబడ్డీ కూత పెడుతున్న ఫోటో వస్తుంది.
ఆయన పేరు బంట్రోతు మూడుసార్లు పిలుస్తాడు,
మూడోసారి ఆవలిస్తూ.
ఆవిడకి రెండో పిలుపు ఏనాడూ పట్టలేదు.
"సోం" అనగానే లేచేది,
కొంగున ముడేసిన బస్సు టికెట్టు తడుముకుంటూ.

ఇవాళ మూడు పిలుపులూ అయిపోయాయి.
వరండాలో ఎవరూ లేవలేదు.
సాక్షి గైర్హాజరు అని రాసుకున్నారు.
అందులో నా పనేం లేదు.

సాయంత్రం సంతలో కనిపించింది,
గోనె పరుచుకుని, చింతపండు రాశి ముందు.
తలొంచుకుని పోబోతే తనే పిలిచింది.
"రా బాబూ, అరకేజీ తూస్తాను."
ఏమని అడగను?
ఇంటికి ఎవరొచ్చారు, ఎంతన్నారు,
మిగిలిన తమ్ముడి పేరెత్తారా?
రెండు భాషలొచ్చిన నోరు
ధర మాత్రం అడిగింది.

తక్కెడ పైకెత్తి
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగపట్టి చూసింది.
నిలిచింది.
అయినా నా పళ్ళెంలో ఇంకో రెబ్బ వేసి
"ఒకల్ది నాకొద్దు బాబూ" అంది.