మధ్యాహ్నం రెండింటికి రాత్రి

జిమ్ హాల్ కిటికీలకు నల్లగుడ్డలు కట్టాను.
మధ్యాహ్నం రెండింటికి
మా రెండో తరగతికి రాత్రయింది.
పద్దెనిమిది స్లీపింగ్ బ్యాగులు,
ముప్ఫై ఆరు మేజోళ్లు,
వాటిలో ఏడింటికి జోడు లేదు.

"ఇప్పుడు మనం నిద్రపోతున్నాం" అన్నాను.
లేలో గురక పెట్టింది. ఇక అందరూ పెట్టారు.
తార్తు ఊరు పుట్టాక
ఇంత గురక ఎవరూ విని ఉండరు.

వచ్చే సోమవారం బస్సు.
అడవిలో సరస్సు ఒడ్డున మూడు రాత్రులు.

"నడిరాత్రి మెలకువొస్తే ఏం చేస్తాం?"
"టీచర్ తలుపు కొడతాం!"
"ఎన్నిసార్లు?"
"లేచేదాకా!"
సరే, కొట్టి చూద్దాం రండన్నాను.
బంతులు దాచే గది నా గదయింది.
ఒక్కొక్కరే చీకట్లో తడుముకుంటూ వచ్చారు.
రాస్మస్ పిడికిలితో బాదాడు.
హెల్మి గోటితో గీకింది.
గోటితో అయితే నాకు వినపడదమ్మా,
నేను మొద్దు నిద్ర మనిషిని.
మళ్లీ. ఊహూఁ, మళ్లీ.
నాలుగోసారికి తలుపు కదిలింది.
తన చేతిని తనే
ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

బెంగ గురించీ చెప్పాను.
అది కడుపులో దూరి నొప్పిలా నటిస్తుంది.
ఆటలో రాదు, ఈతలో రాదు,
పళ్లు తోముకునేటప్పుడు వస్తుంది,
చేతికి పని తగ్గిన వేళ చూసుకుని.
దానికి మాత్ర లేదు.
చెప్పులు తొడిగి కాసేపు నడిపిస్తే
అదే అలిసిపోతుంది.
"మీకూ వస్తుందా టీచర్?"
"రాకేం? మా పిల్లి ఫోనెత్తదు కదా."

సాయంత్రం పెద్దవాళ్ల మీటింగు.
"ఏడిస్తే వచ్చి తీసుకెళ్తామని మాటివ్వకండి.
అప్పుడు ఏడుపే
ఇంటికి టికెట్టవుతుంది."
వెనక బెంచీలోంచి బస్సు డ్రైవర్ తొను,
లేలో వాళ్ల నాన్న, చెయ్యెత్తాడు.
"మరి మేం ఎవరి తలుపు కొట్టాలి?"
అందరూ నవ్వారు.
అతను నవ్వలేదు.
నా జాబితాలో దానికి జవాబు లేదు.

ఆ మధ్యాహ్నమే, గంట కొట్టాక
ఒక బుడత మిగిలిపోయింది. పేరు చెప్పను.
బూటు లేసుతో మాట్లాడుతున్నట్టుగా
"ఒకవేళ... నా బ్యాగు తడిస్తే?"
మోకాళ్ల మీద కూర్చుని
ఆ లేసు నేనందుకున్నాను.
"నా దగ్గర ఇంకోటుంది.
అచ్చం నీ దానిలాగే, నీలం.
తెల్లారేలోగా మార్చేస్తాం.
ఎవరూ లెక్కపెట్టరు."
అప్పటికి నా దగ్గర ఏ నీలమూ లేదు.
మీటింగయ్యాక మూడు దుకాణాలు తిరిగాను.

ఇంత చేసి, అసలు సంగతి మరిచాను!
యాభై రెండేళ్లు ఇక్కడే పెరిగిన మనిషిని:
జూన్‌లో మాకు చీకటి రాదు.
పదకొండున్నరకు కూడా సరస్సు మీద
నీళ్లు కలిపిన పాలలా ఆకాశం.
పక్కల మీద లేచి కూచుని
పద్దెనిమిది మందీ టార్చిలు పట్టుకుని
చీకటి కోసం కాచుకుని ఉన్నారు.
"టీచర్, రాత్రెప్పుడు?"

నేర్పిన ధైర్యమంతా మూటలోనే ఉండిపోయింది.
కొత్తది వెతకాల్సొచ్చింది,
వెలుగులో కళ్లు మూసుకోవడం.
జోడు లేని మేజోళ్లు కళ్లకు కట్టాం.
పరిశుభ్రత సంగతి అడక్కండి.

ఒంటిగంట దాటాక తలుపు దద్దరిల్లింది.
రాస్మసే అనుకుంటూ లేచాను.
హెల్మి.
నుదుటి మీద మేజోడు, ఒక కాలికే చెప్పు.
"రాస్మస్ ఏడుస్తున్నాడు టీచర్.
నీకు బదులు నేను కొడతాలే అన్నాను."

ముగ్గురం పడవల రేవు దాకా నడిచాం.
దోమలు మాత్రం కడుపునిండా తిన్నాయి.
తిరిగొచ్చేసరికి రాస్మస్ బెంగ
హెల్మి రెండో చెప్పు వెతికే పనిలో పడింది.

గురువారం బస్సు దిగాం.
తొను మాకంటే గంట ముందే వచ్చి
ఇంజనాపిన బస్సులో కూర్చుని ఉన్నాడు.

నీలం బ్యాగు ఏమైందంటారా?
చెప్పను.
ఎవరూ లెక్కపెట్టరని మాటిచ్చాను.