కింది సూర్యుడు

పైనున్న సూర్యుడికి టోపీ చాలు.
కింద ఇంకొకడున్నాడు.
ఉయూనీ ఉప్పుమైదానంలో పొద్దెక్కేసరికి
నేలలోంచి లేస్తాడు వాడు.
టోపీ అంచు కింద నుంచి దూరి
గడ్డం కాలుస్తాడు,
ముక్కుపుటాల లోపల కాలుస్తాడు,
రెప్పల్ని అడుగు నుంచి గీరుతాడు.
ఇక్కడ నీడంటే లారీ ఒకటి,
మేం పోగేసిన ఉప్పుకుప్ప ఒకటి.
కుప్ప నీడ కూడా తెల్లగానే ఉంటుంది.

చెల్లెలి కొడుకు బెర్నబే
మొదటిరోజు పనికొచ్చాడు, పదిహేడేళ్ళవాడు.
ఒరూరో సంతలో కొన్న నల్లద్దాలు
జుట్టు మీద నిలబెట్టి పార పట్టాడు.
"కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు" అన్నాను.
నవ్వి కిందికి దించాడు.
సాయంత్రం దాకా తీయలేదు, నిజం చెప్పాలి.

అయినా ఆ రాత్రి
కళ్ళలో ఎవరో ఇసుక పోసి రుద్దుతున్నట్టు
గోడకి తల ఆనించి ఏడ్చాడు.
తడిగుడ్డ మార్చుతూ కూచున్నాను.
"పెట్టుకునే ఉన్నాను కదా పెద్దమ్మా,
పెట్టుకునే ఉన్నాను కదా."

మూడోనాడు ఎర్మెలిందా కొట్లో
దొంగనోట్లు పట్టే ఊదా దీపం కింద
ఇరవై బొలివియానోల నోటు పరిచాం.
దారప్పోగులు మిణుగురుల్లా మెరిశాయి.
నా పాత అద్దం అడ్డుపెడితే
(గీతలు పడ్డది, ఒక కాడ ఊడితే
లామా ఊలుతో కట్టుకున్నది)
పోగులు ఆరిపోయాయి.
వాడి అద్దం అడ్డుపెట్టాం.
మెరుస్తూనే ఉన్నాయి.

దొంగనోటు పట్టే దీపానికి
దొంగ అద్దం దొరికింది.

నల్లగా ఉంటే నీడ అనుకున్నాడు పిల్లాడు.
వాడి కంటిపాప కూడా అలాగే అనుకుంది.
పాపే కదా, దానికేం తెలుసు,
చీకటి పడిందని నమ్మి
తలుపు బార్లా తీసింది.

కొత్తవాటికి నాలుగురోజుల కూలి పోయింది.
పక్కల నుంచి వెలుగు రాకుండా
అట్టముక్కలు కుట్టాను.
గంతలు కట్టిన కంచరగాడిదలా ఉన్నావన్నారు తోటివాళ్ళు.
"పెద్దమ్మా, ఆకాశం గోధుమరంగైపోయింది" అన్నాడు.
ఉండనీరా.
నీలం ఎక్కడికీ పోదు.

రాత్రి మా ఆయన ఎలెఉతేరియో
ఉప్పు సంచుల మూతులు మంటతో అతికిస్తూ
వేలి కొసలతో అంచు వెతుక్కుంటున్నాడు.
ముక్కు పక్క నుంచి పాకిన కండ
రెండు కళ్ళలో నల్లగుడ్డు దాకా వచ్చింది.
ముప్పైయేళ్ళు ఉప్పు కొట్టాడు, ఉన్నిటోపీ ఒక్కటే తోడు.
మా ఉప్పు తిన్నవాళ్ళు ఎందరో!
ఈ కళ్ళు అడిగినవాళ్ళు లేరు.

"ఏవీ, చూడనీ" అని చెయ్యి చాపాడు.
బెర్నబే తన అద్దాలు తీసి ఇచ్చాడు.
పెట్టుకుని దీపం వైపు తిరిగాడు,
నా వైపు తిరిగాడు.
"బరువు లేవే" అన్నాడు.

పులుసు చల్లారిపోయింది.
తిన్నంతసేపూ వాటిని తీయలేదు.
అడగలేదు మేం కూడా.