ఖాళీ

మార్చి రెండో శనివారం. చర్చి నేలమాళిగలో
పదకొండు మంది పిల్లలు, పదకొండు జతల తడి బూట్లు.
పైన ఎవరో ఆర్గన్ సాధన చేస్తున్నారు,
ఒకే చోట మళ్ళీ మళ్ళీ తప్పుతున్నారు.
బల్ల మీద మా నాన్న వేట రైఫిల్,
బోల్ట్ వెనక్కి లాగి, నోరు తెరిపించి పెట్టాను.

"ఇందులో తూటా ఉందా?"
"లేదు" అన్నారు అందరూ.
"మీకెలా తెలుసు?"
"మీరే కదా పెట్టారు!"

అక్కడ మొదలవుతుంది నా పాఠం, ఇరవై రెండేళ్ళుగా.
నేను పెట్టానని నమ్మకండి.
మీ నాన్న చెప్పాడని నమ్మకండి,
పైనున్న ఫాదర్ ఒట్టేసినా నమ్మకండి.
కంటితో చూడండి. చూశాక
చిటికెన వేలు లోపలికి పోనిచ్చి తడమండి.
కన్ను తను చూడాలనుకున్నదే చూస్తుంది,
వేలికి అంత తెలివి లేదు.
గొట్టం ఎటు తిరిగితే అటు ఒక మనిషి ఉన్నాడనుకోండి.
గోడ ఉంటే, గోడ అవతల ఉన్నాడనుకోండి.

రొలాండ్ ఆవులించాడు.
వాడికి కావలసింది అక్టోబరూ, ఒక దుప్పీ. నేను కాదు.

అప్పుడు వెనక వరసలో ఓడీల్, పన్నెండేళ్ళది,
గ్లవ్స్ తీయకుండానే చెయ్యెత్తింది:
"మీరెప్పుడైనా మర్చిపోయారా?"

ఆర్గన్ ఆగింది. లేదా నాకే వినపడలేదు.

మా వంటింటి కప్పులో ఒక చిల్లుంది,
అదే చిటికెన వేలు పట్టేంత.
నవంబరు సాయంత్రం, వేట నుంచి వచ్చి
సూప్ పొయ్యి మీద పెట్టి, గుడ్డా నూనే ముందేసుకుని
తుడవడానికి కూర్చున్నాను.
ఖాళీయే అనుకున్నాను.
అనుకోవడానికి అంత చప్పుడుంటుందని
ఆ రోజే తెలిసింది.

పైగది మా ఎమిల్‌ది. మంచం సరిగ్గా అక్కడే.
మెట్లెక్కినట్టు గుర్తులేదు.
తలగడకు జానెడు కింద పరుపు చిరిగి
దూది ఇంకా గాల్లో తేలుతోంది.
వాడు కిటికీ దగ్గర మోకాళ్ళ మీద నించుని
నదిలో కొట్టుకొచ్చే తొలి మంచు పలకలు లెక్కపెడుతున్నాడు.
"పద్నాలుగు, అమ్మా" అన్నాడు, చెవి నలుపుకుంటూ.

అదృష్టం, అంది ఊరంతా.
అదృష్టం వాడిది. తప్పు నాది.
రెండూ ఒకే ఖాతాలో రాసి కొట్టేయడం నాకు చేతకాలేదు.
రంగులేసేవాడు పుట్టీ కలిపి నిచ్చెనెక్కితే దింపేశాను.
చిల్లు వదిలి చుట్టూ వేయించాను, ఇప్పటికి మూడుసార్లు.

ఇంట్లో తుపాకీకి తాళం తప్పనిసరి చేయాలా అని
టౌన్ హాల్లో సభ పెట్టినప్పుడు లేచి, చేయాలన్నాను.
ఏళ్ళ తరబడి నా పక్కన మంచులో పొంచి కూర్చున్నవాళ్ళు
తమ టోపీల లోపలికి చూసుకున్నారు.
"బాధ్యత తెలిసినవాళ్ళకి తాళమెందుకు డెల్ఫీన్?" అన్నాడు గాస్టన్.
తెలిసినదాన్నే కదా గాస్టన్, నేనూ.
ఆ చిల్లు కింద కూర్చుని ఎన్నిసార్లు సూప్ తాగావు?

ఇదంతా పిల్లలకు చెప్పలేదు.
"మర్చిపోయాను" అన్నాను. "ఒకసారి."
ఇంకేదో అనబోయి ఊరుకున్నాను.

ఓడీల్ గ్లవ్స్ తీసి జేబులో కుక్కుకుంది.
బల్ల దగ్గరకొచ్చి చూసింది, వేలు పెట్టింది,
నూనె మరకైన వేలు అందరికీ ఎత్తి చూపింది. "ఖాళీ."
రొలాండ్ అందుకోబోతే వదల్లేదు.
"నువ్వూ చూడు."
"నువ్వు చూశావుగా!"
"చూడు."

అలా పదకొండు చేతులు తిరిగి
చివరికి మళ్ళీ దాని చేతికే వచ్చింది.
గొట్టం నేలకు దించి నాకందించింది,
కానీ పట్టు సడలించలేదు. నా మొహంలోకి చూస్తోంది.

వేలు పెట్టాను.
చల్లటి ఇనుము. ఏమీ లేదు.
ఇంకోసారి తడిమాను.
అప్పుడు వదిలింది.