వెలుతురు వేరు

నవంబరు ఇరవై దాటాక మా ఊళ్ళో సూర్యుడు
షట్టరు దించుకుని వెళ్ళిపోతాడు.
హామర్‌ఫెస్ట్‌లో ఎవరూ దానికి కుంగిపోరు.
ముక్కు మూసుకుని చెంచాడు చేప నూనె మింగి
పనికి పోతారు.
నేనూ అంతే. రాత్రి షిఫ్టు, చేపల ఫ్యాక్టరీ,
చేతి తొడుగుల నిండా ఐసు.

పై వాటా ఐవిన్ ఇల్లు ఖాళీ చేస్తూ
గాజుపెట్టెతో సహా వదిలిపోయాడు వీణ్ణి.
పేరు స్టుబ్బెన్. మోడు అని అర్థం.
గడ్డం ఉన్న తొండ. జాతి ఆస్ట్రేలియా ఎడారిది,
పుట్టుక ఏదో జర్మన్ గరాజుది.
"వీడు ఏమీ అడగడు.
దీపం వెయ్యి, పాలకూర వెయ్యి, చాలు."
ఏమీ అడగడన్నది నిజమే.
చిక్కంతా అక్కడే.

దీపం వేశాను. పాలకూర వేశాను.
వెచ్చదనం పోకుండా పైన గాజు మూత పెట్టాను.
ఎర్రటి ఇసుక పోశాను, ఎడారి గుర్తొస్తుందని.
వాడెన్నడూ చూడని ఎడారి.
కదలకపోతే చలికాలం కదా అనుకున్నాను.
మా ఊళ్ళో మందంగా ఉండడం జబ్బు కాదు.

ఓ ఉదయం (ఉదయమని గడియారం చెప్పింది)
వెనకకాలి వేళ్ళు వణుకుతున్నాయి,
లోపల ఎవరో తీగ మీటినట్టు.
కీచురాయిని పట్టబోతే దవడ జారింది.
కీచురాయి వాడి ముక్కు ముందే కూర్చుని
మీసాలు సర్దుకుంది.

పశువుల డాక్టరు రాగ్నిల్ ఫోనులో
హలో కూడా అనకుండా అడిగింది:
"ట్యూబు ఎప్పటిది?"
వెలుగుతోంది, అన్నాను.
"అది కాదు నేనడిగింది."

ట్యూబు వెలుగుతూనే చచ్చిపోతుందట.
ఎముకకు కావలసింది ముందు పోతుంది,
కంటికి కావలసింది మిగులుతుంది.
ఆ మిగిలిన కాస్తా నా గాజు మూత దాటలేదు.
వెలుతురు వేరు, ఎండ వేరు అంది రాగ్నిల్.
నలభై ఏడేళ్ళుగా ఇక్కడ బతుకుతున్నదాన్ని,
ఆ మాట నాకొకరు చెప్పాల్సి వచ్చింది.

కొత్త ట్యూబు పడవలో రావాలి.
పడవ తుఫానులో మూడు రోజులు నిలిచిపోయింది.
ఆ మూడు రోజులూ సిరంజితో చుక్క చుక్క కాల్షియం.
నోరు తెరవడు. పెదవి చివర చుక్క పెడితే
కాసేపు ఆలోచించి, నాకుతాడు.
నేను షిఫ్టుకి ఆలస్యం, రెండుసార్లు.

ఇసుక ఎత్తేశాను, చీపురు సరిపోక చెంచాతో.
పాత పొయ్యి పలక కడిగి దీపం కింద పరిచాను.
ఫ్యాక్టరీ నుంచి ఉష్ణోగ్రత తుపాకీ అడిగి తెచ్చాను.
పగలంతా చేపల మీద మైనస్ పద్దెనిమిది చూపించేది,
పలక మీద నలభై అని
నమ్మలేనట్టు రెండుసార్లు మిణుకుమంది.
పెట్టె రెండో చివర చల్లగా ఉంచాను,
ఎండ ఎక్కువైతే పోవడానికి
వాడికీ ఒక చోటుండాలి.
పాలకూర మానేసి ఆవాకు. టర్నిప్ ఆకు.
కీచురాళ్ళకు ముందు క్యారెట్ తురుము,
ఆపైన విబూది పూసినట్టు తెల్లపొడి:
వాడి భోజనానికి కూడా
భోజనం పెట్టాలని ఎవరు చెప్పారు నాకు?

ట్యూబు వచ్చింది. మూత తీసేశాను.
అంచున మార్కరుతో తేదీ రాశాను,
కళ్ళను నమ్మకుండా.

జనవరిలో వాడొకసారి చెయ్యెత్తి ఊపాడు,
మెల్లగా, గుండ్రంగా.
పలకరిస్తున్నాడని పొంగిపోయాను.
కాదంది రాగ్నిల్.
"నేను చిన్నవాణ్ణి, నన్నేమీ చెయ్యొద్దని దానర్థం."
ఆ రాత్రి చేపలు కోస్తూ అదే గుర్తొచ్చింది.

సూర్యుడు తిరిగొచ్చిన రోజు
బడిపిల్లలు కొండ మీదికి పరుగెత్తారు.
బేకరీలో తియ్యరొట్టెలు తొమ్మిదికే అయిపోయాయి.
నాకొకటి దొరికింది, చల్లారిపోయి.
తింటూ పెట్టె మీదికి వంగి చూస్తున్నాను.
వేళ్ళు వణకడం లేదు.
ఎడమకాలు వంకర పోదట, అది ఉండిపోతుందట.

ఉన్నట్టుండి గడ్డం ఉబ్బింది.
బొగ్గులా నల్లబడింది.
నోరు తెరిచాడు, దవడ గట్టిగానే ఉంది.
ఏమైందో అర్థంకాక వెనక్కి తిరిగి చూస్తే,
దీపానికీ వాడికీ మధ్య
నా తల.

మొదటిసారి ఏదో అడిగాడు.
జరిగాను.