అలుకు కూలి

గుణుపురం బస్టాండు ఎనకాల
మూడో అంతస్తులో
బేంకు మేడమ్ గారి కొత్త ఇల్లు.
గోడలకి అద్దంలాగ పుట్టీ పెట్టించి
ఆర్నెల్లు కానేదు,
ఇప్పుడు హాల్లో మట్టిగోడ కావాలంట.

కూర్మారావు మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు.
సిమెంటు పాళ్ళంటే నిద్దట్లో సెప్తాడు గానీ
మట్టి పాళ్ళు ఆడికేటి తెలుసు?
"మా దాలమ్మత్త ఉంది" అన్నాడు.
నానే.

వంశధార గట్టున తవ్విన ఎర్రమట్టి,
ఆవుపేడ, ఊక,
మూడ్రోజులు నానిన కరక్కాయ నీళ్ళు.
లిఫ్టు కంపు కొడతాదని
వాచ్‌మేన్ మెట్లు సూపించాడు.

ముందు సుత్తెట్టి
ఆ గోడంతా గాట్లు కొట్టించాను.
నున్నటిదాన్ని మట్టి పట్టుకోదు.
దెబ్బదెబ్బకీ మేడమ్ గారు
కళ్ళు మూసుకున్నారు,
పుట్టీకి ఎంత పోసిందో పాపం.

భువనేశ్వరం నుంచొచ్చిన డిజైనరు అబ్బాయి
ఫోనులో నన్ను తీస్తా
"మొహం వొద్దు మావుసీ, సేతులు సాలు" అన్నాడు.
నా మొహానికేటైందిరా అని
తెలుగులో అనుకున్నాను.

అరసెయ్యి తిప్పిన కాడల్లా
గోడమీద అరచందమామ పడతాది.
మా అమ్మది పెద్దది, నాది సిన్నది.
ఇప్పుడు మా ఇంట్లో రెండూ నేవు.
ఆ ఏడు వానకి గోడ కూలి
మేకపిల్ల సచ్చిపోయినప్పుడు
దండమెట్టి సిమెంటిల్లు అడిగింది నానే.
అబద్ధమెందుకూ,
టైల్సు మీద కాళ్ళు సాపుకుంటే హాయి.

అలుకు ఆరినాక
పుట్టాసింగి కొండ దిగి
సుమొంతో శబర వొచ్చాడు.
బియ్యప్పిండి గిన్ని, కొస నమిలిన ఎదురుపుల్ల.
గోడ ముందు కూకుని
గంటసేపు ఏటీ గియ్యనేదు.
ఆకరికి అడిగాడు:
"ఈ ఇల్లు ఎవరికి?"
"మాకే" అంది మేడమ్.
"అది కాదమ్మా.
బొమ్మలో ఇల్లు గీత్తే
పెద్దలెవురో వొచ్చి కూకుంటారు.
ఆళ్ళకి అన్నం పెట్టాల, కల్లు పొయ్యాల.
మీరు ఎవర్ని పిలుత్తన్నారు?"

ఫేను తిరిగే సప్పుడు.
డిజైనరు ఫోను దించాడు.
మేడమ్ గారు
నాయనమ్మ పేరు అడగడానికి
ఆళ్ళమ్మకి ఫోన్ సేసింది.
ఎత్తనేదు.

సుమొంతో నవ్వి
నెమళ్ళు గీసాడు, జీలుగుచెట్టు గీసాడు,
కొండెక్కతన్న జీపు,
జీపు మీద ఏలాడతన్న మనుసులు.
మద్దిలో జానెడు మేర
ఖాళీ ఒగ్గేసాడు.
"పేరు గుర్తొత్తే కబురెట్టండి."

మొన్న మేడమ్ ఫోను.
ఏసీ గాలికి గోడ నెర్రెలిచ్చిందంట.
"దాహమమ్మా దానికి.
నీళ్ళు సిలకరించు.
పండక్కోపాలి అలకాల."
"మరి బొమ్మలు పోతాయి కదా?"
"మళ్ళీ గియ్యాల."
అటునుంచి సేనాసేపు మాట నేదు.
తరవాత నెమ్మదిగా,
"గవరమ్మ" అంది.
"మా నాయనమ్మ పేరు గవరమ్మ.
ఆయనకి చెప్తావా?"

సెప్తాను.
నా కూలి మాత్రం
కూర్మారావుకి ఎంతో
నాకూ అంతే.